పాత ఫ్లాట్ అమ్ముతున్నారా? ఇల్లు చూపించే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పది, పదిహేనేళ్లు వాడిన ఫ్లాట్‌ను అమ్మాలనుకునేవాళ్ల కోసం ఇది రాశాను. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్‌లో అమ్మేవాళ్లకూ చాలా భాగం పనికొస్తుంది. కొత్త అపార్ట్‌మెంట్‌లో అయితే బిల్డర్ ఒక శాంపిల్ ఫ్లాట్‌ను ముస్తాబు చేసి చూపిస్తాడు. రీసేల్‌లో మన సంసారం నడుస్తున్న ఇంటినే చూపించాలి. చూడటానికి వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు పెట్టి, పైన ఇరవై ఏళ్ల లోన్ తీసుకుని కొంటారు. అందుకే ఇల్లు ఎంత నచ్చినా వాళ్ల మనసులో భయం ఉంటుంది. నీళ్లు వస్తాయా, గోడలు కారతాయా, కాగితాలు సరిగా ఉన్నాయా, మనల్ని మోసం చేస్తున్నారా అని. ఆ భయం తీర్చగలిగితే ఇల్లు అమ్ముడుపోతుంది.

వచ్చినవాళ్లు ముందుగా ఏం గమనిస్తారు?

మీ హాల్లోకి రాకముందే సెల్లార్, లిఫ్ట్, మెట్లు, కారిడార్ చూసేస్తారు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ పొంగిపొర్లుతూ, పాత సైకిల్, ఖాళీ వాటర్ క్యాన్లు అడ్డంగా ఉంటే ఇల్లు ఇరుకు అన్న అభిప్రాయం అక్కడే పడిపోతుంది. కారిడార్‌లో బల్బు మాడిపోయి ఉంటే అసోసియేషన్ మార్చేదాకా చూడకుండా మీరే మార్పించండి. తలుపు బిగుసుకుపోకుండా, తాళం పెనుగులాట లేకుండా తెరుచుకోవాలి. కాలింగ్ బెల్ మోగాలి.

వాచ్‌మన్‌ను మర్చిపోకండి. మీ ఇల్లు చూసి కిందికి దిగాక చాలామంది ఆయన్ని పక్కకు పిలిచి అడుగుతారు: "నీళ్లు బాగా వస్తాయా? ఈ ఓనర్లు ఎందుకు అమ్ముతున్నారు?" ఆయనకు అమ్మకం సంగతే తెలియకపోతే ఏదో ఒకటి చెబుతాడు. ముందే కూర్చోబెట్టి, ఉన్న విషయం ఉన్నట్టు చెప్పి ఉంచండి.

ఇంకొకటి వాసన. ఎవరింటి వాసన వాళ్లకు తెలియదు. మూసి ఉంచిన బెడ్‌రూమ్, ఆరని బట్టలు, నిన్నటి చేపల కూర, ఇవన్నీ బయటివాళ్లకు తలుపు తీయగానే తెలుస్తాయి. వాళ్లు వచ్చే అరగంట ముందు కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్లు వేయండి. అంతే చాలు. రూమ్ ఫ్రెషనర్ దట్టంగా కొడితే ఏదో కప్పిపుచ్చుతున్నారన్న అనుమానమే వస్తుంది.

అమ్మే ముందు ఎంత ఖర్చు పెట్టాలి? మాడ్యులర్ కిచెన్ చేయించమంటారా?

వద్దు. కొనేవాళ్లు వంటగదిని తమకు నచ్చినట్టు మార్చుకుంటారు, మీ ఎంపికకు డబ్బివ్వరు. ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్, కొత్త టైల్స్ సంగతీ అంతే. ఖర్చు పెట్టాల్సింది చిన్న చిన్న రిపేర్ల మీద: కారుతున్న కుళాయి, ఊగుతున్న తలుపు గొళ్లెం, పని చేయని స్విచ్, చిరిగిన దోమతెర, పగిలిన అద్దం, రాసుకుంటున్న బాల్కనీ తలుపు. ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్, ఒక కార్పెంటర్ తలా ఒక రోజు పని చేస్తే ఇవన్నీ అయిపోతాయి. ఇలాంటివి నాలుగు కనిపిస్తే కొనేవాళ్లు, కనిపించనివి ఇంకెన్నో ఉంటాయని లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ధర దగ్గర బయటపడుతుంది.

రంగులు మాత్రం వేయించవచ్చు. గోడలు మరీ మాసిపోయి ఉంటే ఇల్లంతా లేత రంగు ఒక్కటే వేయించండి. పిల్లల గదిలో ముదురు నీలం, హాల్లో ఒక గోడకు మెరూన్ లాంటివి ఉంటే వాటిని తప్పకుండా మార్చండి. గదులు పెద్దవిగా కనిపిస్తాయి, వెలుతురూ పెరుగుతుంది. గోడలు బాగానే ఉంటే స్విచ్ బోర్డుల చుట్టూ, సోఫా వెనక పడ్డ మరకలు తుడిపించి వదిలేయండి.

పైకప్పు మూల చెమ్మ మరక ఉంది. పుట్టీ పెట్టి రంగు వేసేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. దయచేసి ఆ పని చేయకండి.

మొదటి కారణం, అది నిలవదు. లోపల తడి ఉన్న గోడ మీద పుట్టీ పెడితే కొన్ని వారాల్లోనే ఉబ్బి పొక్కులు లేస్తాయి, పొడి రాలుతుంది. ఈలోపు కొనేవాళ్లు రెండోసారి, మూడోసారి చూడటానికి వస్తారు. మొదటిసారి కనిపించని మరక మూడోసారి కనిపిస్తే బేరం అక్కడితో ఆగిపోతుంది. గది మొత్తం పాత రంగుతో ఉండి ఒక మూల మాత్రమే కొత్తగా మెరుస్తున్నా, ఇళ్లు చూసి చూసి అలవాటైనవాళ్లు పట్టేస్తారు.

రెండో కారణం చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవాళ్లు ముందే చెప్పాలి. వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప ఈ బాధ్యత ఉంటుంది.

చేయాల్సింది ఇదీ. ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. బాత్రూమ్ కిందుగా ఉన్న పైకప్పులో మరక ఉంటే, పై ఫ్లాట్ బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ చుట్టూ లేదా పైపు జాయింట్ దగ్గర లీక్ ఉండే అవకాశం ఎక్కువ. పై ఇంటివాళ్లతో మర్యాదగా మాట్లాడి, అవసరమైతే ఖర్చులో పాలు పంచుకుని సరి చేయించండి. బయటి గోడకు మరక ఉంటే ప్లాస్టరింగ్ పగుళ్లు, కిటికీ పైన సన్‌షేడ్ చూడాలి. పై అంతస్తు ఫ్లాట్ అయితే టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్. టెర్రస్ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌తో మాట్లాడి చేయించాలి. లీక్ ఆగాక గోడ పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు రంగు వేయించండి. బిల్లు దాచి పెట్టండి. "ఇక్కడ చెమ్మ ఉండేది, ఫలానా నెలలో సరి చేయించాం, ఇదిగో బిల్లు, వానాకాలం గడిచింది, మళ్లీ రాలేదు" అని మీరే చూపిస్తే, వాళ్లు మీ మిగతా మాటలు కూడా నమ్మడం మొదలుపెడతారు.

సరి చేయించే వీలు లేకపోతే మరకను అలాగే ఉంచి చూపించండి, ధరలో తగ్గించండి.

వంటగది, బాత్రూమ్‌ల విషయంలో ఏం చేయాలి?

ఆడవాళ్లు వంటగదిలో ఎక్కువసేపు ఉంటారు, సింక్ కింద అర తెరిచి చూస్తారు. అక్కడ తడి, బొద్దింకలు ఉండకూడదు. ఇల్లు చూపించడం మొదలుపెట్టడానికి ఒకటి రెండు వారాల ముందే పెస్ట్ కంట్రోల్ చేయించండి. పొయ్యి వెనక టైల్స్ మీద పోపు జిడ్డు, చిమ్నీ ఫిల్టర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు శుభ్రం చేయించాలి. గట్టు మీద మిక్సీ, గ్రైండర్, డబ్బాలు వీలైనన్ని లోపల పెట్టేయండి. గట్టు ఎంత ఖాళీగా కనిపిస్తే వంటగది అంత పెద్దగా అనిపిస్తుంది.

బోరు నీళ్లు వాడే బాత్రూమ్‌లలో కుళాయిలు, టైల్స్ మీద తెల్లటి ఉప్పు చారలు కడతాయి. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కాసేపు నాననిచ్చి రుద్దితే చాలావరకు పోతాయి. మార్బుల్ మీద మాత్రం నిమ్మ ఉప్పు గానీ యాసిడ్ గానీ వేయకండి, మెరుపు పోయి రాయి దెబ్బతింటుంది. టైల్స్ మధ్య నల్లబడ్డ గీతల్లో కొత్తగా గ్రౌటింగ్ చేయిస్తే బాత్రూమ్ కొత్తదానిలా అవుతుంది, ఖర్చు తక్కువ. ఫ్లష్ ట్యాంక్ ఆగకుండా కారుతుంటే ఆ శబ్దం బయటికి వినబడుతుంది, చూసుకోండి.

నీళ్ల గురించి అడిగితే ఏం చెప్పాలి?

హైదరాబాద్‌లో ఇల్లు కొనేవాళ్లు అడిగే మొదటి గట్టి ప్రశ్న ఇదే. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన అనుభవం చాలామందికి ఉంది. "నీళ్లకేం ఇబ్బంది లేదండీ" అన్న ఒక్క మాటతో ఎవరికీ నమ్మకం కుదరదు. వివరం చెప్పండి: మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా, ఎంతసేపు వస్తాయి, బోర్లు ఎన్ని, ఏప్రిల్, మేలో బోరు ఎండిందా, పోయిన వేసవిలో నెలకు సుమారు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపే తీసుకుంటారా, విడిగానా. (కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే కాలనీల్లో కూడా జనం కుళాయి నీళ్లను మంజీరా నీళ్లనే అంటారు, మీరూ అలాగే చెబితే వాళ్లకు అర్థమవుతుంది.) పోయిన ఏడాది మెయింటెనెన్స్ రసీదులు, వాటర్ బిల్లు చేతికిస్తే ఇంకా మంచిది. ఇంకుడు గుంత ఉంటే తప్పకుండా చూపించండి.

కుళాయి తిప్పి నీళ్ల ఉరవడి చూడమనండి. వాళ్లు అడగడానికి మొహమాటపడతారు.

వాస్తు చూసేవాళ్లను ఎలా ఎదుర్కోవాలి?

ఎదుర్కోవాల్సిన పని లేదు, వాదించనూ వద్దు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, కొనేవాళ్ల ఇంట్లో ఒక్కరు "వద్దు" అంటే బేరం పోతుంది. వాళ్లు తమ సిద్ధాంతిని తీసుకొస్తామంటే సంతోషంగా రమ్మనండి. ఉత్తరం దిక్కు గుర్తుపెట్టిన ఫ్లోర్ ప్లాన్ ఒకటి ప్రింట్ తీసి ఉంచండి. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప గ్రిల్స్, స్లాబులోని ఊచల దగ్గర తప్పు చూపిస్తుంది, దాన్ని చూసి గుమ్మం దగ్గర పెద్ద చర్చలు జరుగుతుంటాయి. ప్లాన్ ఉంటే ఆ గొడవ ఉండదు. ప్రకటనలో "ఈస్ట్ ఫేసింగ్" అని రాసేటప్పుడు అది మీ ఫ్లాట్ గుమ్మమా, అపార్ట్‌మెంట్ రోడ్డా అన్నది స్పష్టంగా రాయండి. వచ్చాక పడమర గుమ్మం కనిపిస్తే మీ ఇంట్లో మంచివన్నీ వాళ్లకు ఇక కనబడవు.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఈశాన్యం మూల చీపుర్లు, పాత పేపర్లు, చెప్పులు, బరువైన బీరువా లేకుండా శుభ్రంగా ఉంచండి. వంట ఆగ్నేయంలో, పెద్ద పడకగది నైరుతిలో ఉంటే వాళ్లు అడగకముందే చెప్పండి. లేకపోతే ఊరుకోండి, అడిగితే నిజం చెప్పండి.

దేవుడి గది, ఫ్యామిలీ ఫోటోలు తీసేయమంటున్నారు. నిజమేనా?

దేవుడి గది తీయక్కర్లేదు. దీపం పెట్టిన గది, గడపకు పసుపు, గుమ్మం ముందు చిన్న ముగ్గు మన దగ్గర కొనేవాళ్లలో చాలామందికి ఆహ్వానంలాగే ఉంటాయి. ఎండిపోయిన మామిడి తోరణం, కుళ్లిపోతున్న దిష్టి గుమ్మడికాయ మాత్రం తీసేసి కొత్తవి కట్టండి. ఫోటోలు ఒకటి రెండు ఉన్నా నష్టం లేదు. నగలు, నగదు, మందులు, బ్యాంకు కాగితాలు మాత్రం కనబడకుండా తాళం వేయండి, వచ్చేవాళ్లందరూ మీకు తెలియనివాళ్లే.

ఇల్లు ఖాళీ చేసి చూపిస్తే బాగుంటుందా?

పూర్తిగా ఖాళీ ఇల్లు శుభ్రంగా ఉంటుంది గానీ మంచం పడుతుందా, డైనింగ్ టేబుల్ ఎక్కడ వేయాలి అన్నది చాలామందికి ఊహకు అందదు. గోడల మీద మేకుల గుర్తులు, బీరువా నీడ పడ్డ చోట్లు కూడా బయటపడతాయి. ఉన్న సామానులో మూడో వంతు తగ్గించి చూపించడం నాకు మంచిదనిపిస్తుంది. అటక మీదివి, బాల్కనీలో పేరుకున్నవి, పిల్లలు పెద్దవాళ్లైపోయినా దాచిన పుస్తకాలు ఎలాగూ ఇల్లు మారేటప్పుడు తీయాల్సిందే, ఆ పని ఇప్పుడే చేయండి. ముఖ్యంగా బాల్కనీ. ఫ్లాట్‌లో గాలి ఆడే ఆ ఒక్క చోటును చాలామంది స్టోర్‌రూమ్ చేసేస్తాం.

ఇల్లు ఇప్పటికే ఖాళీగా ఉంటే కరెంటు, నీళ్ల కనెక్షన్ తీయించకండి. వారానికోసారి ఊడిపించి, బాత్రూమ్‌లలో నీళ్లు పోయించండి. లేదంటే డ్రైన్ ట్రాపుల్లో నీళ్లు ఎండిపోయి మురుగు వాసన ఇంట్లోకి వస్తుంది.

ఏ టైమ్‌లో, ఏ నెలల్లో చూపించాలి?

మీ ఇంట్లోకి ఎండ ఎప్పుడు అందంగా పడుతుందో మీకే తెలుసు. తూర్పు బాల్కనీ అయితే ఉదయం, పడమర గదులైతే మే నెల మధ్యాహ్నాలు తప్పించి సాయంత్రం. రాత్రి మాత్రమే వస్తామంటే చూపించండి గానీ, పగలు కూడా ఒకసారి రమ్మని మీరే చెప్పండి. నమ్మకం పెరుగుతుంది.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాల్లో చాలామంది అడ్వాన్స్ ఇవ్వరు, గృహప్రవేశం పెట్టుకోరు. చూడటం మాత్రం ఆపరు. ఆషాఢంలో చూసి పెట్టుకుని శ్రావణం రాగానే టోకెన్ (కొంటామని ముందుగా ఇచ్చే కొద్ది మొత్తం) ఇచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, "ఇప్పుడెవరు కొంటారులే" అని ప్రకటన తీసేయకండి. స్కూళ్లు తెరిచేలోపు మారాలనుకునే కుటుంబాలు వేసవికి ముందే వెతుకుతాయి.

అద్దెకున్నవాళ్లు ఇల్లు చూపించడానికి ఇష్టపడటం లేదు.

వాళ్ల వైపు నుంచి చూస్తే అది సహజం. ఇల్లు పోతుందన్న టెన్షన్ ఒకటి, రోజూ ఎవరో తెలియనివాళ్లు బెడ్‌రూమ్‌లోకి రావడం ఇంకొకటి. అమ్ముతున్న సంగతి బ్రోకర్ ద్వారా తెలిసేలా చేయకుండా మీరే వెళ్లి చెప్పండి. చూపించడానికి వారంలో రెండు రోజులు, ఫలానా టైమ్ అని వాళ్ల వీలుతో పెట్టుకోండి. ఖాళీ చేయడానికి తగిన గడువు, ఆ ఒకటి రెండు నెలలకు అద్దెలో కొంత తగ్గింపు ఇస్తే ఇల్లు శుభ్రంగా ఉంచుతారు. అసంతృప్తిగా ఉన్న కిరాయిదారు కొనేవాళ్లతో అనే ఒక్క మాట మీకు లక్షల్లో నష్టం తెస్తుంది.

కాగితాలు అడ్వాన్స్ తీసుకున్నాక చూపిస్తే చాలదా?

చాలదు. మొదటి రోజే ఫైలు సిద్ధంగా ఉండటాన్ని మించిన మంచి అభిప్రాయం లేదని నా నమ్మకం. అందులో ఉండాల్సినవి: సేల్ డీడ్ జిరాక్స్, లింక్ డాక్యుమెంట్లు (మీకన్నా ముందు ఆస్తి చేతులు మారిన పత్రాలు), తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివాసానికి అనుమతి పత్రం), ఆస్తి పన్ను, కరెంటు, నీళ్ల బిల్లుల రసీదులు, అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటర్. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మీ ఎదుటే చూడనివ్వండి. జిరాక్స్ సెట్ మాత్రం గట్టిగా ఆసక్తి ఉన్నవాళ్లకు, వాళ్ల లాయర్‌కు చూపించుకోవడానికి ఇవ్వండి.

హోమ్ లోన్ ఇంకా నడుస్తుంటే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయని, ఇంకా ఎంత కట్టాలో మొదటే చెప్పి, బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తీసుకుని పెట్టుకోండి.

2024లో హైడ్రా (హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చినప్పటి నుంచి చెరువు దగ్గర్లో ఉన్న ఇళ్లకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని చోటు) ప్రశ్న తప్పకుండా వస్తుంది. మీ అపార్ట్‌మెంట్ ఆ హద్దులకు బయట ఉంటే దానికి ఆధారం ముందే సంపాదించి ఫైల్లో పెట్టండి.

విస్తీర్ణం దగ్గర కూడా పేచీలు వస్తాయి. పాత సేల్ డీడ్‌లలో కామన్ ఏరియా, కొన్నిసార్లు కార్ పార్కింగ్ కూడా కలిపి చదరపు అడుగులు రాస్తారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియా వేరు, అది గోడల లోపల మనం వాడుకునే చోటు. రెండూ చెప్పండి, అపార్ట్‌మెంట్ కట్టిన నేలలో మీ వాటాకు వచ్చే స్థలం ఎన్ని గజాలో కూడా చెప్పండి. పాత అపార్ట్‌మెంట్లలో ఆ గజాలే అసలు బలం.

"ఎందుకు అమ్ముతున్నారు?" అంటే?

ఉన్న కారణం ఒక్క వాక్యంలో. పిల్లల దగ్గరికి వెళ్తున్నాం, పెద్ద ఇల్లు తీసుకున్నాం, డబ్బు అవసరం పడింది. భార్య ఒకటి, భర్త ఒకటి చెప్పకుండా ముందే అనుకోండి. వాళ్లు ఇల్లు తిరుగుతుంటే వెనకే నడుస్తూ ప్రతి గది గురించీ వివరించకండి. ఒకసారి చూపించి, మంచినీళ్లిచ్చి, "మీరు నిదానంగా చూడండి" అని పక్కకు వచ్చేయండి. దంపతులు తమలో తాము మాట్లాడుకునే ఆ పది నిమిషాలే ముఖ్యం.

ధర ఎలా చెప్పాలి?

మీ అపార్ట్‌మెంట్‌లో, పక్క వీధిలో ఈ మధ్య నిజంగా ఎంతకు రిజిస్ట్రేషన్ అయ్యాయో కనుక్కోండి. ప్రకటనల్లో ఉండేవి అడిగే ధరలు మాత్రమే. బేరానికి కొంచెం చోటు ఉంచుకోండి, కానీ బ్రోకర్‌కు ఒక ధర, నేరుగా వచ్చినవాళ్లకు ఇంకో ధర చెప్పకండి. రెండు మాటలు దొరికిపోతాయి. "సగం వైట్, సగం బ్లాక్" అనకండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయ పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు. పైగా లోన్‌తో కొనేవాళ్లకు మొత్తం వైట్ అంటే పెద్ద ఊరట. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ప్రభుత్వానికి ముందే కట్టే పన్ను) కోసుకుని ఇస్తారని గుర్తుంచుకోండి.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడ అమ్మానాన్నలు చూపిస్తున్నారు.

పెద్దవాళ్ల మీద రోజూ ఫోన్లు, మెట్లు ఎక్కి దిగడం పెట్టకండి. వచ్చేవాళ్లతో ముందు మీరే వీడియో కాల్‌లో మాట్లాడి, గట్టివాళ్లనే పంపండి. పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం) తప్పనిసరి అయితే అక్కడి భారత కాన్సులేట్‌లో ధృవీకరించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే టీడీఎస్ 1 శాతంతో పోదు, చాలా ఎక్కువ కోస్తారు. తక్కువ కోతకు ఆదాయ పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి కొనేవాళ్లు దొరకగానే దరఖాస్తు చేయండి. ఈ సంగతి వాళ్లకు మొదటి మాటల్లోనే చెప్పాలి. చివర్లో తెలిస్తే బెదిరిపోతారు.

ఫోటోలు ఫోన్‌తో తీస్తే చాలా?

చాలు. పగలు, కర్టెన్లు తెరిచి, గది మూలలో నిలబడి, ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. టాయిలెట్ మూత వేసి ఉండాలి. వైడ్ యాంగిల్‌తో గదిని సాగదీయకండి, వచ్చి చూశాక నిరాశే మిగులుతుంది. పార్కింగ్ చోటు ఫోటో ఒకటి పెట్టండి, అది ఎవరూ పెట్టరు, అందరూ అడుగుతారు.

ఇల్లు నచ్చింది, టోకెన్ ఇస్తామన్నారు. ఇంకా జాగ్రత్త పడాల్సింది ఉందా?

ఉంది. ఏవి వదిలి వెళ్తారో, ఏవి తీసుకెళ్తారో అప్పుడే కాగితం మీద రాయండి. ఫ్యాన్లు, గీజర్లు, ఏసీలు, చిమ్నీ, ఇన్వర్టర్, కర్టెన్ రాడ్లు, వాటర్ ప్యూరిఫైయర్. చూసిన రోజు గోడకున్న ఏసీ, ఇంటి తాళం చేతులు మారే రోజు లేకపోతే, కోటి రూపాయల బేరంలో కూడా మనసు విరుగుతుంది. ఆ జాబితాను అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌కు జత చేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ ఏ తేదీ వరకు మీరు కడతారో కూడా అందులోనే రాయండి.